ఎరువు తెచ్చుకున్న అక్షరాలు

చదివేవాళ్ళకు ముందుగా ఒక మనవి. నాకు అక్షరాలు యాభై తొమ్మిదో ఏట వచ్చాయి. ఇప్పటికీ ఒత్తుల దగ్గర తడబడతాను. ఏది ళ, ఏది ల అని ఆగి ఆలోచించుకుంటాను. ఒక పేజీకి ఒక పూట పడుతుంది. ఈ కథకు వానాకాలం మొత్తం పట్టింది. తప్పులు కనిపిస్తే మీరే దిద్దుకుని చదువుకోండి, నన్ను మాత్రం తొందరపెట్టకండి.

*

దాలమ్మ జీవితంలో మొదటిసారి చదివింది ఒక ఫినాయిల్ డబ్బాని.

అది గదిలో ఒక మూల కిటికీ కింద ఉంది. నెత్తిమీద గిన్నెలాంటి టోపీ తీసి లేచి నిలబడేసరికి కళ్ళు దానిమీద పడ్డాయి. పడీ పడగానే ఆ డబ్బా ఆమెతో మాట్లాడింది. "పిల్లలకు దూరంగా ఉంచండి."

"ఓలమ్మో!" అని దాలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అరవై రెండేళ్ళ మనిషి, చిన్నపిల్లలా గదంతా తిరిగి తలుపు మీద కాగితం, గోడ మీద కేలెండరు, ఫ్యాను మీద కంపెనీ పేరు అన్నీ చదివేసింది. ఆపుదామన్నా ఆగలేదు.

పక్క కుర్చీలో ఆమె మనవరాలు తేజశ్రీ కూర్చుని ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల, నాలుగో తరగతి, వాచకం మొత్తం గడగడా చదివే పిల్ల. అదీ ఆ డబ్బా మీది రాతల వంకే చూస్తోంది.

"మామ్మా, చీమలు," అంది.

"భయం లేదమ్మా," అంది ఇందుమతి. మెదడు మీద పెద్ద చదువు చదువుకున్నావిడ. గెడ్డవలస పెద్ద బడిలో వెనక గది అడిగి తీసుకుని, ఎనిమిది నెలలుగా ఈ ప్రయోగం చేస్తోంది. "పాపకు వచ్చిన చదువు మీకు కూడా రావాలని ఈ యంత్రం చేశాం. నకలు తీస్తుందనుకున్నాం. కానీ ఇది నకలు తియ్యటం లేదు. ఇక్కడినుంచి తీసి అక్కడ పెడుతోంది. మీ దగ్గర ఉన్నన్నాళ్ళూ పాప దగ్గర ఉండదు. అందుకే మూడు రోజులే. ఆదివారం తెచ్చి ఇచ్చెయ్యాలి."

"ఎరువు తెచ్చుకోడం లాంటిదేనేటి?"

"అచ్చం అంతే. ఇచ్చేటప్పుడు మాత్రం మనసులో ఏమీ పెట్టుకోకండి. ఖాళీగా ఉండాలి."

దాలమ్మ తలూపింది. ఆమె కళ్ళు అప్పటికే ఇందుమతి చీర అంచు మీద చిన్నగా నేసిన సొసైటీ పేరు చదువుతున్నాయి.

*

అరవై రెండేళ్ళు లేకుండా గడిచిపోయిన అక్షరాలు ఇప్పుడెందుకు కావాల్సొచ్చాయంటే, బడి కమిటీ కోసం.

గెడ్డవలసలో రైలు పట్టాలకు ఇవతల జీడిపిక్కలు కొట్టే షెడ్లు, వాటిలో పనిచేసేవాళ్ళ ఇళ్ళు ఉంటాయి. పట్టాలకు అవతల బజారు, పెద్ద బడి. ఇవతల కూడా ఒక చిన్న బడి ఉండేది, అయిదో తరగతి వరకు. రెండేళ్ళ కిందట ఆ బడి కమిటీలో దాలమ్మ ఒక సభ్యురాలు. కూతురు రొయ్యల కంపెనీ పనికి దూరం వెళ్ళి అక్కడే ఉంటోంది గనుక పిల్ల తరఫున ఈమె పేరు రాశారు. ఒకరోజు తీర్మానాల పుస్తకం షెడ్డుకే వచ్చింది. "పిల్లలకు రోజూ గుడ్డు పెట్టడానికి" అన్నారు. దాలమ్మ పిక్కలు కొట్టే సుత్తి పక్కన పెట్టి, చెయ్యి చీరకు తుడుచుకుని, వేలిముద్ర వేసింది.

అది గుడ్డు గురించి కాదు. మూడు, నాలుగు, అయిదు తరగతులు పట్టాల అవతలి బడికి పంపడానికి కమిటీకి ఇష్టమే అని ఉంది అందులో.

ఆ జూన్ నుంచి డెబ్బై మంది పిల్లలు పట్టాలు దాటి బడికి వెళ్తున్నారు. అక్కడ వంతెన లేదు. గూడ్సు బండి వచ్చి ఆగిందంటే గంటసేపు కదలదు. బడి గంట కొట్టే వేళకు పిల్లలు సంచులు ముందుకు విసిరి, బండి కింద నుంచి దూరిపోతారు.

తల్లులు పై ఆఫీసుకి వెళ్ళి మొరపెట్టుకున్నారు. అక్కడివాళ్ళు పుస్తకం తెరిచి, "మీ కమిటీయే ఒప్పుకుంది కదమ్మా, ఇవిగో ఆరు వేలిముద్రలు" అని చూపించారు. తల్లులు తిరిగొచ్చి వీధిలో నిలబడి తిట్టారు. "ఎవులో ఆ ఏలుముద్రలోళ్ళు! ఆళ్ళ చేతులిరిగిపోను!" కమిటీలో ఉన్నది పదిహేను మంది. ఆరుగురు ఎవరో ఎవరూ నోరు విప్పలేదు.

దాలమ్మ కూడా వాళ్ళ మధ్య నిలబడి తిట్టింది. కానీ వాళ్ళతో ఆఫీసుకి వెళ్ళి పుస్తకం చూసినప్పుడే ఆమెకు తెలిసిపోయింది. జీడి నూనె తగిలి తగిలి ఆమె బొటనవేలు నున్నగా అయిపోయింది. ఆరింటిలో ఒకటి మాత్రం గీతల్లేని వట్టి నీలం మచ్చ.

ఈ ఏడాది పెద్ద బడి కమిటీకి మళ్ళీ ఎన్నిక. కొత్త కమిటీ తీర్మానం రాసి పంపితే చిన్న తరగతులు ఇవతలికి తిరిగి వచ్చే వీలుంది. అయితే జరిగిన గొడవ చూసి హెడ్‌మాస్టరు త్రినాథరావు ఒక నియమం పెట్టాడు. నిలబడేవాళ్ళు ప్రతిజ్ఞ కాగితం అందరి ముందూ సొంతంగా చదివి సంతకం చెయ్యాలి. వేలిముద్రలు చెల్లవు.

నాలుగో తరగతి స్థానానికి ఇద్దరు నిలబడ్డారు. ఒకరు ఢిల్లేశ్వర్రావు, జీడిపప్పు షెడ్డు యజమాని, రెండు స్కూలు ఆటోలు కూడా ఉన్నాయి. రెండోవారు అతని షెడ్డులోనే పిక్కలు కొట్టే దాలమ్మ.

"ఏటి దాలప్పా, నామీదే పోటీకొచ్చీసినావా?" అని నవ్వాడు ఢిల్లేశ్వర్రావు. "ప్రతిజ్ఞ ఎలా చదువుతావు? పిక్కలు కొట్టినట్టు టకటకా కొట్టీడం కాదు కదా!"

"నువ్వు సుత్తి పట్టుకుని ఒక్క పిక్క కొట్టి పప్పు పగలకుండా తీయి బావూ, అప్పుడు నాను చదవలేనని ఒప్పుకుంతాను," అంది దాలమ్మ. షెడ్డంతా నవ్వింది. అతనూ నవ్వాడు.

*

మొదటిసారి తెచ్చుకున్న మూడు రోజులూ దాలమ్మకు నిద్రాహారాలు పట్టలేదు. ప్రతిజ్ఞ కాగితం ముప్పై సార్లు చదివింది. పెరట్లో కోళ్ళకు చదివి వినిపించింది. "ఈ బడి పిల్లల మేలు కోరి, ఏ తీర్మానమైనా పూర్తిగా తెలుసుకొన్న తర్వాతే సమ్మతిస్తానని..." చదువుతుంటే ఒక్కో అక్షరం దగ్గర ఒక్కో తమాషా. ఒకచోట నోట్లో బలపం రుచి తగిలింది. 'క్ష' దగ్గరికి వచ్చేసరికి ఎడమ చెవి చుర్రుమంది.

"గుంటా, ఎవులే నీ చెవి మెలిపెట్టింది?"

తేజశ్రీ బిత్తరపోయింది. "నీకెవులు చెప్పీసినారు? ఒకటో తరగతిలో టీచరు. 'క్ష' తిరగేసి రాశానని."

పిల్ల అక్షరాలతోపాటు పిల్ల సంగతులు కూడా ఎంతో కొంత వచ్చాయన్నమాట. దాలమ్మ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. పక్కింటి కుమారి దగ్గర చింతపండు ఎరువు తెచ్చుకుంటే ఆ గిన్నెకి వాళ్ళింటి ఇంగువ వాసన ఉండదూ?

ఆదివారం పొద్దున దాలమ్మ ఆ చింతపండు గిన్నె కడిగి, అందులో రెండు మునక్కాడలు వేసి కుమారికిచ్చి, అటునుంచి అటే పిల్లని తీసుకుని పెద్ద బడికి వెళ్ళింది. కుర్చీలో కూర్చుంది. బోర్లించిన సత్తు గిన్నెలాంటి టోపీ నెత్తిమీద పెట్టారు. కళ్ళు మూసుకుని, ఒక్క క్షణం లోపల ఏదో తడుముకుంది. దొరికింది. అంతే. కళ్ళు తెరిచేసరికి ఫినాయిల్ డబ్బా మీద మళ్ళీ చీమలు.

సోమవారం అన్నం తింటూ తేజశ్రీ ఉన్నట్టుండి అంది. "మామ్మా, తాత కొబ్బరుండ తిన్నాడంటే మీసాలకంతా అంటుకుపోద్ది కదా. ముద్దెట్టుకుంటే గుచ్చుకుంతాది."

దాలమ్మ ముద్ద కలుపుతూ ఆగిపోయింది. ఆమె భర్త లోకనాథం పోయేనాటికి ఈ పిల్ల ఇంకా పుట్టలేదు. "నీకెలా తెలుసే?"

"ఏమో. తెలుసు."

దాలమ్మకు అంతకంటే వింత ఇంకొకటి తోచింది. ఆయనకు మీసాలుండేవా? గోడ మీద ఫోటో చూసింది. ఉన్నాయి. కొబ్బరుండలు తినేవాడా? ఎంత తవ్వుకున్నా ఏమీ దొరకలేదు. వయసు మీద పడుతోంది అనుకుంది.

రెండోసారి అక్షరాలు తెచ్చి ఇచ్చాక పిల్ల ఊరగాయ ముట్టుకోనంది. వేళ్ళు మండుతున్నాయని ఏడ్చింది. చూస్తే చిన్న గీత కూడా లేదు. "ఆముదం రాయి మామ్మా, తాత రాసినట్టు రాయి" అంది. దాలమ్మ ఆముదం రాసింది. తాత ఎప్పుడు రాశాడు, ఎవరికి రాశాడు, ఆమెకు తెలియలేదు.

ఇందుమతి ఏవేవో గీతలున్న కాగితాలు తిరగేసి, "మా లెక్కలో ఇలా రాకూడదు" అంది. "అక్షరాల గీత మీద కొంచెం దుమ్ములాంటిది కనిపిస్తోంది. అది ఈ ప్రయోగంలో ఉన్న ప్రతి అవ్వా పిల్లా జంటలోనూ ఉంది. కంగారు పడకండి." ఆమె మొహంలోనే కంగారుంది.

మూడోసారి తిరిగి ఇచ్చిన మర్నాడు పట్టాల దగ్గర గూడ్సు ఆగి ఉంది. పిల్లలు ఒక్కొక్కరే కిందనుంచి దూరుతున్నారు. తేజశ్రీ ఒక్క కేక పెట్టి రాళ్ళ మీద కూలబడింది. "వద్దు, వద్దు, కదులుద్ది! కదులుద్ది!" అని రెండు చేతులతో చెవులు మూసుకుంది.

దాలమ్మకు కోపం వచ్చింది. "ఏటే ఈ ఏషాలు? అందరూ దూరడం లేదేటి? ఎల్లు!" అని చెయ్యి పట్టుకుని గూడ్సు పెట్టె కిందికి లాగింది కూడా. పిల్ల ఆమె చెయ్యి కొరికి ఇంటికి పరిగెత్తింది.

ఆ వారమంతా బడికి వెళ్ళలేదు. దాలమ్మ ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఆటోలో ఎక్కిద్దామంటే అదీ పట్టాలు దాటాలి కదా, రైలు గేటు కనబడగానే పిల్ల దూకేసింది.

దాలమ్మకు మాత్రం తన బుర్రే అర్థం కాకుండా పోయింది. ఒక సాయంత్రం కుమారి గుమ్మంలో కూర్చుని నెమ్మదిగా అడిగింది.

"అమ్మీ, మా ఆయన ఎలా పోయాడే?"

కుమారి చేతిలో చేట జారిపోయింది. "ఇదేటి పరాసకమప్పా?"

"పరాసకం కాదే. ఫోటోకి దండుంది, పోయాడని తెలుసు. ఎలా పోయాడో గురుతు రావడం లేదు. జొరమా?"

"ఊరంతా ఎరిగిన సంగతి నన్నడుగుతావేటి!" కుమారి ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. చెప్పడానికి నోరు రాక, "పడుకో అప్పా, ఎన్నికలయ్యీ వరకే ఈ బుర్ర తిరుగుడు" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇంకొకటి దాలమ్మ కుమారికి చెప్పలేదు. తను కమిటీకి ఎందుకు నిలబడిందో కూడా లీలగానే గుర్తుంది. పట్టాలు దాటితే ఏమవుతుంది? అందరూ దాటుతున్నారు కదా?

*

శనివారం ఎన్నిక. గురువారం సాయంత్రం నాలుగోసారి అక్షరాలు తెచ్చుకుంది. పిల్లని ఆ గదికి పట్టాలు తప్పించి, ఊరవతల పాత వంతెన మీదుగా మూడు మైళ్ళు నడిపించి తీసుకెళ్ళాల్సి వచ్చింది.

శుక్రవారం పొద్దున తేజశ్రీ లేచి, జడ వేయించుకుని, "బడికెల్తాను మామ్మా" అంది. పాట పాడుకుంటూ పట్టాల దాకా నడిచింది. గూడ్సు ఆగి ఉంది. పిల్ల సంచి ముందుకు విసిరి వంగింది.

"ఆగు!"

ఆ కేక దాలమ్మదే. పిల్లని వెనక్కి లాగి రాళ్ళ మీద కూర్చుండిపోయింది. ఎదుటి గూడ్సు పెట్టె మీద రాసి ఉన్న ప్రతి అక్షరం చదవగలుగుతోంది. దాంతోపాటే మరొకటి తెలిసింది. పదకొండేళ్ళ కిందట లోకనాథం అవతలి గట్టున నిలబడి, రోజూ ఊపినట్టే ఎర్ర తువాలు ఊపి, చేతిలో కొబ్బరుండల పొట్లంతో, ఆగి ఉన్న బండి కిందికి వంగాడు. అప్పుడు బండి కదిలింది.

అంతా గుర్తుంది. మీసాలు, కొబ్బరి కోరు, తన వేళ్ళకు ఆముదం రాసే ఆయన చెయ్యి, ఇంజను కూత.

పిల్లకు అక్షరాలు లేనప్పుడు భయం లేదు. అక్షరాలున్నప్పుడే భయం ఉంది. తనకూ అంతే. దాలమ్మకు ఎంత అయోమయంగా ఉన్నా ఈ ఒక్కటి మాత్రం కనబడింది. బండి వెళ్ళేదాకా పిల్లని ఒళ్ళో అదిమి పట్టుకుని, తర్వాత నేరుగా ఇందుమతి గదికి తీసుకుపోయింది.

ఇందుమతి అంతా విని గీతల కాగితాలు ముందుకు లాక్కుంది. "దాలమ్మగారూ, ఆదివారాలు తిరిగి ఇచ్చేటప్పుడు ఏం ఆలోచించారు?"

"ఏటీ లేదు. నువ్వు చెప్పినట్టే కూకున్నాను."

"ఏమీ లేదా? నిజంగా?"

"అంటే, గిన్నెలో ఏదో ఒకటి ఎయ్యాలి కదమ్మా."

"ఏ గిన్నె?"

"ఇదిగో, ఈ నెత్తి మీది గిన్నె. ఎరువు తెచ్చిన గిన్నె వట్టిది ఎలా ఇచ్చీమంతావు? అందులోనూ చంటిదాని గిన్నె. చిటికెడు ఉప్పైనా ఎయ్యకుండా ఎవులైనా ఇత్తారా? నాకు ఏటుంది ఇవ్వడానికి? ఆయన తాలూకు మంచియి మూడున్నాయి. ఒకసారి ఆయన కొబ్బరుండలు తెచ్చింది ఏశాను. ఒకసారి ఏళ్ళకి ఆముదం రాసింది. మూడోసారి అవతలి గట్టు నుంచి తువాలు ఊపింది. మంచియే ఏశానమ్మా."

మంచివే. కానీ ఆముదంతో జీడి నూనె మంట వెళ్ళింది. తువాలుతో గూడ్సు బండి వెళ్ళింది. ఇచ్చినవి ఇచ్చినట్టే ఈమె దగ్గర లేకుండా పోయాయి. అక్షరాలను అల్లుకోవడం మొదలెట్టి, నాలుగోసారి వాటితో కలిసి వెనక్కి వచ్చాయి.

ఇందుమతి ఫోను తీసి, ప్రయోగంలో ఉన్న మిగతా పదిమంది అవ్వలకూ ఒక్కొక్కరికీ చేసింది. ఒకావిడ జోలపాట వేసిందట. ఒకావిడ తన పెళ్ళిలో ఏనుగు చూసిన సంగతి. మరొకావిడ, "మా అత్త తిట్టిన తిట్లు ఎయ్యలేదమ్మా, నానేటి అంత తెలివి తక్కువదాన్నా?" అందట. పదిమందిలో ఒక్కరు కూడా ఖాళీగా ఇవ్వలేదు.

"దుమ్మనుకున్నాను," అంది ఇందుమతి, కాగితాల మీద చేతులు పెట్టి. "ఎనిమిది నెలలుగా ఆ దుమ్ముని తుడిచేస్తూ కూర్చున్నాను." నవ్వబోయింది, నవ్వు రాలేదు.

తర్వాత దాలమ్మకు గీతలు చూపించింది. నల్లది అక్షరాలు, ఎర్రది ఆమె జ్ఞాపకం. ఇప్పటికి రెండూ విడివిడిగానే ఉన్నాయి. అక్కడక్కడా పెనవేసుకుంటున్నాయి. "ఇవాళ ఇచ్చేస్తే అక్షరాలు మాత్రమే పాపకు వెళ్తాయి. రేపటికి ముడి పడిపోతుందేమోనని నా భయం. పడితే ఎవరి దగ్గరికి వెళ్ళినా రెండూ కలిసే వెళ్తాయి. పాప జన్మంతా చదివినప్పుడల్లా ఆ బండి కదులుతుంది."

"రేపు పదిగంటలకి ప్రతిజ్ఞ," అంది దాలమ్మ.

"తెలుసు."

"పదకొండుకి తెచ్చీసి ఇచ్చెత్తాను. ఒక్క పూటే కదా."

ఇందుమతి ఆ గీతలు మళ్ళీ చూసింది. "నాకు తెలియదు దాలమ్మగారూ. పదకొండుకి సరిపోవచ్చు. సరిపోకపోవచ్చు. నేను ఇంతకుముందు చెప్పినవే ఒక్కటీ నిజం కాలేదు కదా."

తేజశ్రీ కిటికీ దగ్గర ఫినాయిల్ డబ్బా పట్టుకుని అటూ ఇటూ తిప్పుతోంది. "మామ్మా, ఇందులో ఏటుంది?" అని అడిగింది.

దాలమ్మ కుర్చీలో కూర్చుంది. "ఎట్టమ్మా గిన్నె."

ఖాళీగా ఉండటం ఆమెకు చేతకాలేదు. కళ్ళు మూసుకోగానే ఆయన వచ్చేస్తున్నాడు, పిల్లకి ఏదో ఒకటి ఇయ్యవే అంటున్నట్టు. చివరికి ఒక తపేలా తీసుకుంది, మనసులోనే. చింతపండూ బూడిదా వేసి తోమింది. అడుగు తోమింది, అంచు తోమింది, కడిగింది, పైట చెంగుతో తుడిచింది. తళతళలాడే వట్టి తపేలా పిల్ల చేతిలో పెట్టింది. దొంగతనం చేసినంత సిగ్గేసింది.

కళ్ళు తెరిచేసరికి తేజశ్రీ చదువుతోంది. "పిల్లలకు దూరంగా ఉంచండి. మామ్మా, ఇది ముట్టుకోకూడదంట."

సాయంత్రం ఎవరూ చెప్పకుండానే పిల్ల పెరట్లో కూర్చుని ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ తోమేసింది. దాలమ్మ చూడనట్టు ఊరుకుంది.

*

శనివారం బడి వరండాలో తల్లులంతా చాపల మీద కూర్చున్నారు. నాలుగో తరగతి వంతు వచ్చింది. త్రినాథరావు మాస్టారు కాగితం చేతికిచ్చి, "చదవండమ్మా" అన్నాడు.

దాలమ్మ కాగితం చూసింది. చీమలు. కానీ నోరు దానంతట అదే తెరుచుకుంది. "ఈ బడి పిల్లల మేలు కోరి, ఏ తీర్మానమైనా పూర్తిగా తెలుసుకొన్న తర్వాతే సమ్మతిస్తానని..."

చదువు తిరిగి ఇచ్చేసింది గానీ, కోళ్ళ ముందు అన్నిసార్లు అప్పజెప్పిన మాటలు ఎక్కడికి పోతాయి? ఎక్కడా ఆగలేదు. కుమారి నోరెళ్ళబెట్టింది. ఢిల్లేశ్వర్రావు మొహంలో నవ్వు చెదిరింది. ఇంకో రెండు వరుసలు. అంతే, కమిటీలో ఉంటుంది. తీర్మానాల పుస్తకం రేపు ఆమె ముందుకి వస్తుంది.

పుస్తకం వస్తే? అందులో ఏముందో ఎవరు చెబుతారు? మళ్ళీ గుడ్డు అంటే గుడ్డేనా?

దాలమ్మ ఆగింది. కాగితం మడిచి బల్ల మీద పెట్టింది.

"నాను చదవడం లేదు మాస్టారూ. నాకు రాదు. ఇది బట్టీ."

వరండాలో గుసగుస. "ఏటేటి?"

"రెండేళ్ళ కిందట ఆ పుత్తకంలో ఆరు ఏలుముద్రలున్నాయి. గీతల్లేనిది ఒకటుంది. అది నాది. గుడ్డు కోసమన్నారు, ఏసీశాను. నాను చదవకుండా ఏసిన ముద్రకి మీ పిల్లలు బండి కింద దూరుతున్నారు. ఇప్పుడు చదివినట్టు నటించి మళ్ళీ అదే పని చెయ్యలేను."

ముందు వరుసలో ఒక తల్లి లేచి నిలబడింది. "మాతోపాటు నువ్వూ తిట్టావు కదే! చేతులిరిగిపోనని తిట్టావు!"

"తిట్టానమ్మా. నా చేతినే తిట్టుకున్నాను."

ఆ తల్లి కూర్చుండిపోయింది. కొందరు మొహం తిప్పుకున్నారు. దాలమ్మతో ఆరోజుకి మాట్లాడనివాళ్ళు ఆ తర్వాత కూడా చాలాకాలం మాట్లాడలేదు. మాస్టారు ఆమె పేరు మీద గీత గీశాడు. ఢిల్లేశ్వర్రావు ప్రతిజ్ఞ చదివి, చేతులెత్తే పని కూడా లేకుండా గెలిచాడు.

"నీకెందుకప్పా ఈ గొడవ?" అన్నాడు పక్కకొచ్చి, చిన్నగా. ఈసారి ఎగతాళి లేదు.

ఎప్పటిలాగే చివర్లో హాజరు కాగితం వరసలోకి వచ్చింది, సంతకాలకీ వేలిముద్రలకీ. సిరా పెట్టె కుమారి ముందు ఆగింది. కుమారి వేలు సిరాలో ముంచి, కాగితం మీదికి తెచ్చి, ఆపేసింది.

"ఇందులో ఏటుంది మాస్టారూ?"

"హాజరేనమ్మా. మీరు వచ్చారని."

"అదే చదవండి."

మాస్టారు విసుక్కుంటూనే పైనుంచి చదివాడు. చివరి వరుస దగ్గర గొంతు తగ్గింది. "పై తీర్మానములన్నియు చర్చించి ఏకగ్రీవముగా ఆమోదించడమైనది."

"ఏ తీర్మానాలు? మనం ఏటీ మాటాడలేదు కదా!"

"పాత నమూనా అమ్మా, ఏళ్ళ తరబడి ఇదే వాడుతున్నాం..." మాస్టారు ఎర్రబడ్డాడు. అతనికే తెలియదు అందులో ఆ వరుస ఉన్నట్టు.

నలభై రెండు బొటనవేళ్ళు సిరాతో గాలిలో ఆగిపోయాయి. ఆ వరుస కొట్టేసి, ఉన్న ప్రతి కాగితం పైకి చదివేదాకా ఒక్కటీ కిందికి దిగలేదు. చదివి చదివి కొత్త సభ్యుడు ఢిల్లేశ్వర్రావు గొంతు బొంగురుపోయింది. చిన్న తరగతుల సంగతి ఆరోజు తేలలేదు. వచ్చే నెలకి వాయిదా వేశారు. వచ్చే నెల అందరం వస్తామని తల్లులు చెప్పి లేచారు.

*

తిరిగి వెళ్ళేటప్పుడు పట్టాల మీద గూడ్సు ఆగి ఉంది. తేజశ్రీకి భయం లేదు. అదే దాలమ్మకు భయం. ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు, బండి కదిలేవరకు.

"మామ్మా, తాత ఎలా ఉండేవాడు?" అని అడిగింది పిల్ల. నెల కిందట తనే చెప్పిన మీసాల సంగతి దానికి ఇప్పుడు తెలియదు.

దాలమ్మ తటపటాయించింది. చెబితే పోతుందేమోనని భయం. అయినా చెప్పింది. కొబ్బరుండల పొట్లం, మీసాలు, ఆముదం. తువాలు దాకా చెప్పింది. ఆ తర్వాతది కూడా చెప్పింది, నెమ్మదిగా, చెయ్యి పట్టుకుని, పిల్లకి తగినంత. "అందుకే మనం కూకుని చూత్తాం. ఎంతసేపైనా."

చెప్పాక కళ్ళు మూసుకుని లోపల తడుముకుంది. మీసాలు ఉన్నాయి. తువాలు ఉంది. ఏదీ ఎక్కడికీ పోలేదు.

ఇంటికొచ్చాక తేజశ్రీ పలక తెచ్చి మామ్మ ఒళ్ళో పెట్టింది. గీతల్లేని ఆ నున్నటి బొటనవేలి పక్కన బలపం ఇరికించి, చెయ్యి పట్టి దిద్దించింది. వంకరటింకరగా ఒక 'అ' వచ్చింది. దాలమ్మ దానిమీదే పదిసార్లు దిద్ది, చివరికి చెయ్యి లేకుండా తనంతట తాను రాసింది.

పిల్ల ఉన్నట్టుండి కంగారుగా పలక లాక్కుంది. మామ్మ రాసింది చేత్తో తుడిచేసి, తను రాసి, పైకెత్తి చూసుకుంది.

"ఉంది మామ్మా," అంది ఊపిరి వదిలి. "నా దగ్గరా ఉంది."

*

ఈ కథ రాసింది సవలాపు గున్నమ్మ, వయసు డెబ్బై మూడు. ఇప్పుడు ఉంటున్నది టెక్కలిలో, చిన్న కూతురి ఇంట్లో.